పోటుమనిషిని మళ్ళీ మొదటిసారి చూడటం

ఆదివారం సాయంత్రం టీవీలో ‘పోటుమనిషి’ మొదలయ్యే ముందు కుర్చీలు వెయ్యడం నా పని. కిటికీ పక్కన భానుమతక్క, గుమ్మం పక్కన ఆవిడ తమ్ముడు సోమరాజు గారు, నడుమ నేను. ఆ అక్కాతమ్ముళ్ళకి ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా నాతో చెబుతారు, నేను అటు తిరిగి అదే మాట మళ్ళీ చెప్పాలి. ఇద్దరి చెవులూ నిక్షేపంగా పనిచేస్తాయి గనుక నా మాట పూర్తికాకముందే జవాబు వచ్చేస్తుంది. అదీ నాకే వస్తుంది. నా పేరు సత్యవాణి. కాకినాడ జగన్నాథపురంలో మా వీధివాళ్ళు నన్ను చాటుగా టెలిఫోన్ ఎక్స్ఛేంజి అంటారని నాకు తెలుసు.

మాటల్లేనివాళ్ళు ఇద్దరూ మా ఇంటికే ఎందుకు వస్తారంటే అదంతా పోటుమనిషి మహిమ. ఆ సీరియల్లో సూరన్న అని ఒక రేవు గుమాస్తా ఉంటాడు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఓడని ఒంటిచేత్తో ఆపగలడు. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తీశాయంటే మనలాంటి మనిషే, నడుంనొప్పి కూడా ఉంటుంది. ఆపదలు మాత్రం ఆటు చూసుకునే వస్తాయి. ఎవరింట్లో వాళ్ళు చూసుకోవచ్చు గానీ, చూశాక పోట్లాడుకోవడానికి మనిషి కావాలి కదా. సోమరాజు గారు ఓడల మీద పనిచేసి రిటైరయ్యారు. “పున్నమికీ అమావాస్యకీ గానీ అష్టమి నాడు అంత పోటెక్కడిదండీ? రాసినోడు సముద్రం మొహం ఎప్పుడన్నా చూశాడా?” అని ఆయన అనకపోతే నాకు ఎపిసోడ్ చూసినట్టే ఉండదు. భానుమతక్కకి తిథులతో పనిలేదు. సూరన్న చెల్లెలు రత్నం పలికిన ప్రతి ముక్కా ఆవిడకి కంఠతా వచ్చు.

మాకో ఆచారం ఉంది. టైటిల్ పాట వచ్చేలోపు ముగ్గురం పందెం కడతాం, ఈవేళ పోటు సమయానికి అందుతుందా లేదా అని. ఓడినవాళ్ళు లేచి అందరికీ టీ పెట్టాలి. ఆ టీ తాగుతూ మిగతావాళ్ళు టీనీ, పెట్టినవాళ్ళనీ, ఎపిసోడ్‌నీ కలిపి దుమ్మెత్తిపోస్తారు. మా ఆయన కూడా పడక్కుర్చీలో అక్కడే ఉంటారు గానీ, పాట పూర్తయ్యేలోపే గురక అందుకుంటారు గనుక పందెంలో ఆయన్ని కలుపుకోం.

అక్కాతమ్ముళ్ళ తగువు చిన్నదేమీ కాదు. వాళ్ళమ్మ చిట్టెమ్మ గారు మండువేసవిలో భానుమతక్క ఇంట్లో కన్నుమూశారు. సోమరాజు గారు అప్పుడు ఓడ మీద ఉన్నారు. కబురు అంది, ఏదో రేవులో దిగి, రైళ్ళు మారి వచ్చేసరికి దహనం అయిపోయింది. వీధి మొగలోనే ఆ సంగతి విని, ఇంట్లో అడుగుపెట్టకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. అక్క ఒక్క పూట నాకోసం ఆగలేకపోయిందా అని ఆయన కోపం. ఇంత దూరం వచ్చి నా మొహం చూడకుండా పోయాడని ఆవిడ కోపం. ఇద్దరిదీ న్యాయమే, అందుకే అది తెగలేదు.

ఇలా ఉండగా మా కోడలు హైందవి మాకో పని తెచ్చింది. ఆ పిల్ల మెదడు మీద పరిశోధన చేస్తుంది. పడవ బోల్తాపడి బతికి బయటపడ్డవాళ్ళు కొందరు ఆ తర్వాత నిద్రపోలేరు, కుళాయి చప్పుడు విన్నా వణికిపోతారు. వాళ్ళకోసం ముక్కులో కొట్టే మందొకటి తయారుచేసింది. జ్ఞాపకం కొత్తగా ఉండగానే దాన్ని మళ్ళీ తలపుకి తెప్పించి, ఆ సమయంలో మందు కొడితే అది మనసులో గట్టిపడకుండా జారిపోతుందట.

“ఆరని సిమెంటు మీద కాకి నడిస్తే తాపీతో చదును చేసేస్తారు కదత్తయ్యా. ఆరిపోయాక ఎవరి తరమూ కాదు. ఇదీ అంతే,” అంది. “కానీ ముందు ఏ అపాయమూ లేని జ్ఞాపకం మీద చేసి చూడాలి. ఎప్పుడు పుట్టిందో కచ్చితంగా తెలియాలి, తలపుకి తెప్పించడం తేలికవ్వాలి.” అలా అంటూ టీవీ వైపు చూసింది.

అప్పటికే సీరియల్ అంటే పెద్దగా పట్టనివాళ్ళకి ఒక ఎపిసోడ్ చూపించి, చెరిపి, వారం తర్వాత అదే మళ్ళీ చూపించింది. వాళ్ళు కొత్తదే అనుకుని చూశారు. ఇప్పుడు వీరాభిమానులు కావాలంది. మా వాళ్ళిద్దరూ ఎగిరి గంతేశారు. మంచి ఎపిసోడ్ చూసినప్పుడల్లా, దీన్ని మర్చిపోయి మళ్ళీ మొదటిసారి చూస్తే ఎంత బాగుండును అనుకోని అభిమాని ఉంటాడా? నన్ను మాత్రం బీపీ మాత్రలు వేసుకుంటానని పక్కన పెట్టేసింది. సొంత కోడలు. రెండు రోజులు దానితో ముభావంగా ఉన్నాను.

పద్ధతి ఇదీ. ఆదివారం ఎప్పటిలాగే మా ఇంట్లో చూడాలి. సోమవారం పొద్దున్నే ల్యాబులో మందు. మళ్ళీ ఆదివారం అదే ఎపిసోడ్ మళ్ళీ చూడాలి. అప్పటిదాకా నేను నోరు విప్పకూడదు. ఆ చివరి షరతు విని మా ఆయన నిద్రలోనే నవ్వినట్టు నాకు అనుమానం.

ఆ ఆదివారం ఎపిసోడ్‌లో గాలివాన. ఆటు మీద ఉన్న సముద్రం, అదుపుతప్పి రేవు మీదికి వస్తున్న ఓడ. జనం తాళ్ళు పట్టుకుని లాగుతున్నారు గానీ సూరన్న రాలేదని తెలిసి ఒక్కొక్కరే వదిలేస్తున్నారు. అప్పుడు రత్నం తన అన్న పసుపుపచ్చ వానకోటు తొడుక్కుని దీపస్తంభం ఎక్కి నిలబడింది. దూరం నుంచి చూసి సూరన్న వచ్చేశాడని జనం ఉత్సాహంగా లాగారు. పోటు రావడం ఆలస్యమైంది, ఓడ మాత్రం ఆగింది. పోటు అందదన్న భానుమతక్కా నేనూ గెలిచాం. అందుతుందన్న సోమరాజు గారు ఓడిపోయి వంటింట్లోకి వెళ్ళి, పాలు పొంగించి, వేలు కాల్చుకుని, చిరచిరలాడుతూ గ్లాసులు తెచ్చారు.

“సత్యవాణి గారండీ, ఆవిడకి చెప్పండి. రత్నం చేసింది పచ్చి మోసం. రాని మనిషిని వచ్చాడని నమ్మించడవేంటండీ?”

“ఆయనకి చెప్పు సత్యవాణీ. ఆ కోటు చూసే వాళ్ళు తాడు వదల్లేదు. లేపోతే పారిపోదురు.”

“నిజం చెప్తే ఇంకా గట్టిగా పట్టుకుందురేమో. అది తేల్చడానికి ఆవిడెవరండీ? మంచికైనా చెడుకైనా మోసం మోసవే.”

నేను అటు తిరిగి చెప్పబోయాను. భానుమతక్క గ్లాసు కింద పెట్టింది. నా వైపు చూడలేదు.

“మోసవేరా. నేనూ చేశాను,” అంది, తిన్నగా తమ్ముడితో.

నా కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ఇంక అక్కడ నాతో పనిలేదు.

“అమ్మ ఆవేళ తెల్లారగట్ట నుంచీ సోముడొచ్చాడా, సోముడొచ్చాడా అని ఒకటే అడగడం. నాకింక వినలేక వచ్చాడమ్మా అనేశాను. పక్కవీధి నూకరాజుని పిలిచి, ఆడి చెయ్యి అమ్మ చేతిలో పెట్టాను. తాళ్ళు లాగిన చెయ్యి కదా, నీదాన్లాగే గరుగ్గా ఉంటదని. అది పట్టుకునే పోయింది. అలా చేశాక నువ్వొస్తే నీ మొహం ఎలా చూడాలో తెలీలేదురా నాకు. ఎండలు మండిపోతన్నాయి, తీసేద్దామమ్మా అన్నారు పెద్దాళ్ళు. ఆగండి అని ఒక్క మాటంటే ఆగుదురు. నేను అన్లేదు.”

సోమరాజు గారు అంత పెద్ద మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. ఆ చప్పుడికి మా ఆయన లేచి, “ఎవరు ఓడిపోయారు?” అని అడిగి మళ్ళీ పడుకున్నారు.

“ముందే చెప్తే ఏం పోయేదక్కా? ఎన్నేళ్ళు పోయాయే మనకి,” అన్నారు సోమరాజు గారు.

ఇద్దరూ కలిసి మా గేటు దాటి వీధిలో నడిచి వెళుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. నాకు అంత సంతోషం నా కొడుకు పెళ్ళిలో కూడా కలగలేదు.

మర్నాడు పొద్దున్న ముగ్గురం ఒకే ఆటోలో ల్యాబుకి వెళ్ళాం. దారంతా వాళ్ళిద్దరికీ చిన్నప్పటి కబుర్లే. ఇంత జరిగాక ఈ మందు అవసరమా అని నా మనసులో ఒకసారి అనిపించింది. పైకి కూడా అన్నాను. “మాటిచ్చాం కదా, ఆ పిల్ల పని చెడిపోద్ది. పోయేది ఎపిసోడే కదా,” అంది భానుమతక్క. హైందవితో చెబితే అదీ సంబరపడింది. టైటిల్ పాటతో తలపుకొచ్చేది సీరియలే, మిగతాది ఎక్కడికీ పోదంది. ముందు చేసినవాళ్ళలో అలాగే జరిగింది మరి.

ఇద్దరి తలలకీ వైర్ల టోపీలు పెట్టి పోటుమనిషి పాట వినిపించారు. అద్దం వెనక తెర మీద వాళ్ళ మెదళ్ళ బొమ్మల్లో చుక్కలు వెలిగాయి. ముందు కొద్దిగా, తర్వాత కార్తీకదీపాల్లా తెరంతా. “అభిమానులు కదా, ఎక్కువ వెలుగుతుంది,” అంది హైందవి మురిపెంగా. ముక్కులో మందు కొట్టింది. కాసేపటికి చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

బయటికొచ్చాక ఆటో పిలిచాను. భానుమతక్క ఎక్కి కూర్చుంది. సోమరాజు గారు దగ్గరికి రాబోయేసరికి ఆవిడ మొహం తిప్పుకుంది.

“సత్యవాణీ, ఆయన్ని వేరే ఆటో చూసుకోమని చెప్పు.”

“నాకేం అక్కర్లేదని చెప్పండి. నడిచే వెళ్తాను,” అన్నారు ఆయన.

ఆ మాటలు నేను ఎవరికీ అందించలేదు. ఆటో చువ్వ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఇంటికొచ్చిన హైందవికి జరిగింది చెప్పాను. అది చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూలబడింది. ఆదివారం ఎవరెక్కడ కూర్చున్నారు, ఎవరేమన్నారు, టీ ఎప్పుడొచ్చింది, అన్నీ గుచ్చిగుచ్చి అడిగింది.

“మామూలువాళ్ళకి పాట వింటే ఎపిసోడ్ గుర్తొచ్చింది, అదే పోయింది. మీకు అలా కాదత్తయ్యా. ఆ పాట వింటే కుర్చీలూ, పందెమూ, టీ, పోట్లాటా అన్నీ వస్తాయి. మీకు అదంతా కలిపే ఎపిసోడ్. నేను కథ చెరుపుతున్నాననుకున్నాను, ఆ సాయంత్రాన్నే చెరిపేశాను.”

తిరిగి తెప్పించే మందు లేదా అంటే లేదంది. ఇక మిగిలిన ఆశ ఆదివారమే. అదే ఎపిసోడ్ చూస్తే అదే మాట వస్తుంది, అదే మాట వస్తే భానుమతక్క మళ్ళీ చెబుతుంది. ఇద్దరం అలాగే అనుకున్నాం. వారమంతా నేను నోరు మూసుకుని ఉన్నాను. అదెంత కష్టమో నన్ను ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది.

ఆదివారం వచ్చింది. వాళ్ళని బాగా చూసుకోవాలని మధ్యాహ్నం నుంచే వంటింట్లో దూరాను. పెసరగారెలు వండాను. పోయినవారం సోమరాజు గారు వేలు కాల్చుకున్నారు పాపం అనుకుని, ముందే అల్లం దంచి టీ పెట్టి ఫ్లాస్కులో పోశాను. కుర్చీలు ఎక్కడివక్కడే వేశాను. మా ఆయన కూడా వేళకి నిద్రపోయారు.

పందెంలో మళ్ళీ సోమరాజు గారే ఓడారు. వంటింట్లోకి లేవబోతుంటే నేను ఫ్లాస్కు చూపించాను. “బతికించారండీ సత్యవాణి గారూ,” అని ఆయన హాయిగా కాళ్ళు జాపుకుని, గారె కొరికి, వేడివేడి టీ తాగారు. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను.

“ఆవిడకి చెప్పండి. ఆ రత్నం భలే పని చేసిందండీ. మనిషి రాకపోయినా ధైర్యం వచ్చింది చూశారా, అదీ తెలివంటే.”

“మోసం కాదంటారా?” అని అందించాను.

“ఊరుకోండి, ఓ కోటు తొడుక్కుంటే మోసవేంటండీ.”

“ఆయన నాతో ఒప్పుకున్నాడా? ఇవాళ వాన పడుద్ది సత్యవాణీ,” అని భానుమతక్క నవ్వింది.

ఇద్దరూ గారెలు బాగున్నాయని నాతో చెప్పి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. పోయినవారం ఆయన మోసం అన్నది, ఓడి, వేలు కాల్చుకుని, ఒళ్ళు మండి అన్న మాట. నేను టీ పెట్టి ఆ మంట ఆర్పేశాను. ఆచారం ఎందుకు తప్పకూడదంటారో నాకు ఆవేళ తెలిసింది. ఫ్లాస్కు ముందు పెట్టుకుని ఏడ్చాను.

హైందవి ఆ వారమే ప్రయోగం ఆపేసింది. పైవాళ్ళు ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఎన్నేళ్ళ కష్టమో అది, దాని పెళ్ళికి ముందు నుంచీ ఉన్న పని. “పడవ మునిగేటప్పుడు మొగుడు పెళ్ళాంతో ఆఖరి మాట ఏదో అని ఉంటాడు కదత్తయ్యా. భయంతో పాటు అదీ పోతే, ఆ మాట ఉందని కూడా ఆవిడకి తెలియదు. ఎక్కడ ఆపాలో తెలిసేదాకా నేను ఎవరి ముక్కులోనూ కొట్టను,” అంది. నా కోడలు ఎంత తెలివైనదో ఊరందరికీ చెప్పాను గానీ ఎంత మంచిదో ఆవేళే చూశాను.

నా నోటికి వేసిన తాళం కూడా తీసింది. “చెప్పాల్సింది నేను. మీరు తోడు రండి,” అంది. ముందు సోమరాజు గారి దగ్గరికి వెళ్ళాం. మందు వల్ల మీరు మర్చిపోయారు, మీరిద్దరూ కలిసిపోయారు, మీరు ఏడ్చారు అని చెబితే ఆయన పడీపడీ నవ్వారు. “నేనా అండీ? ఆవిడ ముందా? మా ఇద్దర్నీ కలపడానికి ఇంత కథ అల్లారా?” అన్నారు. నూకరాజు సంగతి ఆయనకి చెప్పడానికి నాకు హక్కు లేదు. అది ఆవిడ సొత్తు.

భానుమతక్క కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. ఆవిడా నమ్మలేదు. అప్పుడు నేను నూకరాజు చెయ్యి గురించి చెప్పాను. తరిగే చెయ్యి ఆగిపోయింది.

“నీకెవరు చెప్పారే? నూకరాజు పోయి ఎన్నేళ్ళయింది. నేను మా ఇంటాయనకి కూడా చెప్పలేదే.”

“నువ్వే చెప్పావక్కా. నాకు కాదు, నీ తమ్ముడికే చెప్పావు.”

ఆవిడ ఒక బెండకాయ తీసి, తరగకుండానే పక్కన పెట్టింది. తర్వాత అడగలేక అడిగింది. “విని ఏవన్నాడు?”

ఇన్నేళ్ళూ ఆవిడ భయపడింది ఈ ఒక్క జవాబుకే. “తిట్టలేదక్కా. ఏడ్చారు. ముందే చెప్తే ఏం పోయేదక్కా అన్నారు.”

“మళ్ళీ చెప్పాలా ఇప్పుడు?”

“మళ్ళీ చెప్పాలి.”

“ఈసారీ అలాగే అంటాడా?”

అవును అని చెబుదామనుకున్నాను. ఎపిసోడ్ అయితే ఎన్నిసార్లు వేసినా అదే వస్తుంది, మనిషి సంగతి ఎవరు చెప్పగలరు? “ఏమో అక్కా,” అన్నాను.

సోమరాజు గారిని భోజనానికి పిలుచుకొచ్చే పని నాకే పడింది. ఆనాడు వెనక్కి తిరిగిన వీధి మొగలో ఆయన ఒకసారి ఆగారు. మళ్ళీ నడిచారు. భానుమతక్క ఆకు వేసి, ముద్దపప్పూ ఆవకాయా వడ్డించి, ఆయన అన్నం కలుపుతుండగా ఎదురుగా నిలబడి మొత్తం చెప్పింది. దాదాపు అవే మాటలు. హైందవీ నేనూ గోడవార కూర్చుని విన్నాం.

ఆయన ఏడవలేదు. పొడి కళ్ళతో ఆకు వైపు చూస్తూ ఉండిపోయారు. భానుమతక్క నా వంక ఒక చూపు చూసింది. నన్ను ముంచేశావు కదే అన్నట్టున్న ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. హైందవి తల దించుకుంది.

“ఏ చెయ్యి?” అన్నారు సోమరాజు గారు చివరికి. “నూకరాజుది ఏ చెయ్యి పెట్టావు? కుడిదా, ఎడందా?”

“కుడిదే. ఏం?”

“ఆడి కుడిచేతికి మూడు వేళ్ళే కదక్కా. రెండు తాడు చుట్టే వించి మరలో పడి తెగిపోయాయి కదా. నాకు తెలుసుగా, ఆడూ నేనూ ఒకే పడవ మీద పనిచేశాం.”

భానుమతక్క ఆయన కుడిచేతి వంక చూసింది. “ఆ కంగార్లో నేనది చూళ్ళేదురా,” అంది మెల్లిగా.

“అమ్మ ఏవంది పట్టుకుని?”

“తడిమి తడిమి చూసింది. చిక్కిపోయావురా సోముడూ, అంది.”

ఆయన అక్క మొహంలోకి చూశారు. ముందు పెదాలు కదిలాయి, తర్వాత భుజాలు, తర్వాత మనిషంతా ఊగిపోతూ నవ్వారు.

“మూడు వేళ్ళ చెయ్యి పట్టుకుని చిక్కిపోయావురా అందా? ఆవిడికి తెలిసిపోయిందే అక్కా. నా చెయ్యి అమ్మకి తెలీదా? నువ్వు బాధపడతావని ఊరుకుంది.”

హైందవి నా చెవిలో, “మొన్న ఇది అడగలేదా అత్తయ్యా?” అంది.

“లేదమ్మా. మొన్న ఏడుపులో అడగడం పడలేదు.”

భానుమతక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. అమ్మని మోసం చేశానని ఇన్నేళ్ళూ మోసిన మనిషికి, అమ్మ మోసపోలేదని ఇప్పుడు తెలిసింది. ఈసారి ఏడ్చింది ఆవిడ. సోమరాజు గారు నవ్వు ఆపుకోలేకుండానే ఆకు ముందు నుంచి లేచి, పప్పు అంటిన చెయ్యి ఆవిడ చీరకి తగలకుండా దూరంగా పట్టుకుని, రెండో చేత్తో అక్కని దగ్గరికి తీసుకున్నారు.